నాదస్వరం ఆయన ఊపిరి బిగబట్టిన రోజు

2024లో బెంగళూరులోని మా వైట్‌ఫీల్డ్ ఆస్పత్రికి కొత్త స్కానర్ వచ్చింది. ఫోటాన్ కౌంటింగ్ సీటీ అంటారు. నేను అక్కడ సీటీ టెక్నాలజిస్టును. రోగిని బల్ల మీద పడుకోబెట్టి, మిషన్ నడిపి, బొమ్మలు తీయడం నా పని. వాటిని చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. గుంటూరు నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నాను కాబట్టి, మిషన్‌ను చూసి నోరు వెళ్లబెట్టే వయసు దాటిపోయిందనే అనుకున్నాను.

ఆ వేసవిలో నారాయణప్పగారు వచ్చారు. చిక్కపేట వెనక సందుల్లో తాతల నాటి నుంచి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. పెళ్లిళ్లకు నాదస్వరం వాయిస్తారు. ఆయన మాటలో అది ఓలగం. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని వేరే చోట గుండె స్కాన్ చేయించుకున్నారు. గుండె రక్తనాళాల గోడల్లో సున్నంలా పేరుకున్నదాన్ని కొలిచి ఇచ్చే అంకెను కాల్షియం స్కోర్ అంటాం. ఆయనది బాగా ఎక్కువ వచ్చింది. ముఖ్యమైన నాళంలో పెద్ద తెల్ల మచ్చ కమ్మేసి, లోపల రక్తానికి దారి ఉందో లేదో తెలియలేదు. చేతి నాళంలోంచి గొట్టం పంపి చూడాలనీ, ఆపరేషన్ కూడా అవసరం పడొచ్చనీ, అంతదాకా నాదస్వరం ముట్టుకోవద్దనీ చెప్పారు. మహదేవపురలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు సరళ, ముందు కొత్త మిషన్‌లో చూపిద్దామని డాక్టరు చేత రాయించి తీసుకొచ్చింది.

“ఓలగం ఊదకుంటే ఇంట్లో నేనొక కుర్చీ లెక్కమ్మా,” అన్నారాయన చొక్కా విప్పుతూ. “ముహూర్తాలన్నీ పోతాండాయి. బేజారుగా ఉండాది. దీంట్లో ఏముండాది అంత కొత్తది?”

“పాతవాటిలో ఎక్స్‌రే పడితే ముందు వెలుగుగా మారుతుంది అంకుల్. ఆ వెలుగును మొత్తంగా కొలుస్తారు. ఇది ఒక్కొక్క ఎక్స్‌రే కణాన్నీ విడిగా లెక్కపెడుతుంది.”

“అంటే మేళం గోలంతా కలిపి కాదు, ఒక్కొక్క స్వరం వేరేగా వింటాది.”

ఆ మాటే ఇప్పటికీ నేను రోగులకు చెబుతున్నాను.

మిషన్‌లోకి పంపే ముందు ప్రతివాళ్లతోనూ ఊపిరి బిగబట్టడం సాధన చేయిస్తాను. గుండె కొట్టుకోవడం ఆపలేం, కనీసం ఛాతీ అయినా కదలకూడదు. “ఊపిరి తీసుకోండి, బిగబట్టండి” అన్నాను. ఆయన పెదాలు బిగించారు. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. బాగుంది అనుకునేలోపు ఆయన మీద కప్పిన దుప్పటి మెల్లగా పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది.

“అంకుల్, ఊపిరి తీస్తున్నారు.”

“లేదే. దమ్ము పట్టినా గదమ్మా.”

అబద్ధం కాదు. ఆయన లెక్కలో దమ్ము పట్టడమంటే నాదం తెగకుండా బుగ్గల్లో గాలి నిలపడం. ఆలోగా ముక్కు ఊపిరి తీసే తన పని తాను చేసుకుపోతుంది. పాత స్కాన్‌లోనూ ఇదే జరిగి ఉంటుందని అప్పుడు తట్టింది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

“తాళి కట్టేశారు, వాయించడం ఆపేశారు అనుకోండి,” అన్నాను.

“తాళి కట్టేటప్పుడే గదా గట్టిమేళం! మీ చర్చిలో పెండ్లి మాదిరి చెప్తాండావే.” మెడలో నా సిలువ చూశారు కాబోలు. నవ్వి, ఆయనే దారి చెప్పారు. “భోజనాల పంక్తిలో కూచునేటప్పుడు ఓలగం పక్కన పెట్టేస్తాం. అట్ల అనుకుంటా ఉండు.”

బుగ్గలు వదిలేశారు. ఈసారి దుప్పటి కదల్లేదు.

ముందు మామూలుగా, తరువాత రంగు మందు ఎక్కించి స్కాన్ చేశాను. తెర మీద బొమ్మ విచ్చుకుంది. ఒక్కటే అనుకున్న మచ్చ చిన్న చిన్న గుళికలుగా విడిపోయింది. ఆవగింజ కన్నా చిన్నవి కొన్ని. వాటి పక్కనుంచి రక్తం దారి ఎక్కడా మూసుకోకుండా సాగిపోయింది. కొట్టుకుంటున్న గుండె లోపలి గోడను అద్దానికి ఇటువైపు కూర్చుని చూస్తున్నాను. దేవుడొక్కడే చూసే చోటు అది అనుకున్నాను.

ఫలితం మేం చెప్పకూడదు. బయటికొచ్చాక ఆయన నా ముఖంలోకి చూశారు. “డాక్టరుగారు చెబుతారు అంకుల్,” అన్నాను, వీలైనంత రాతి ముఖంతో.

రేడియాలజిస్టు పాత బొమ్మలనూ వీటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. మెరిసే కాల్షియం పాత మిషన్లలో అసలు ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తుంది. దానికి ఊపిరి కదలిక తోడై మచ్చ సాగిపోయిందన్నారు. గుండె డాక్టరు ఆయనతో దాచకుండా మాట్లాడారు. కాల్షియం ఉన్న మాట నిజం, మందులు జీవితాంతం వాడాలి. ఆయాసం అదుపు తప్పిన బీపీ వల్ల. గొట్టం ఇప్పుడు అక్కర్లేదు, బీపీ దిగితే వాయించుకోవచ్చు. సరళ ఏడ్చింది. ఆయన వేళ్లు మోకాలి మీద ఏదో రాగం పలికిస్తున్నాయి.

కణం కణం లెక్కపెట్టే మిషన్‌కు కూడా ఆ మనిషి ఊపిరి ఎలా తీస్తాడో తెలియదు. అది నేను కనుక్కోవాలి. అప్పటినుంచి ఎవరినైనా బల్ల మీద పడుకోబెట్టే ముందు ఏం పని చేస్తారని అడుగుతున్నాను.

శ్రావణంలో సరళ ఒక వీడియో పంపింది. మల్లెపూల పందిట్లో నారాయణప్పగారు గట్టిమేళం వాయిస్తున్నారు. అందరూ పెళ్లికూతురిని చూసి ఉంటారు. నేను ఆయన పొట్టనే చూశాను. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, పొట్ట లేస్తోంది, దిగుతోంది. నాదం ఎక్కడా తెగలేదు. ఈసారి కదిలినందుకు నేనేమీ అనలేదు.