ఖైతాన్‌లో ఇటలీ ఓటు

మా ఇంటి దేవుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి ఖైతాన్ పేటలో కడపవాళ్ళం ఐదుగురం ఒకే గదిలో ఉన్నాం. ఉన్న ఒక్క కారులో ఎడారి దాటిపోవాలా, ఆగాలా తేలలేదు. నా యజమానురాలైన ఇటలీ మేడం వాళ్ళ భాష నేర్పుతూ, అక్కడ ప్రభుత్వాలు ఊరికే పడిపోతాయని, జనం మళ్ళీ ఓటేస్తారని చెప్పేది. నేనూ గదిలో ఓటింగు పెట్టాను.

"కండ్లు మూసుకోండప్పా. పోదామనేటోళ్లు చేతులెత్తండి. ఓబులేసూ, దొంగచూపులు చూడాకు!"

లెక్కపెట్టాలని నేనొక్కణ్ణే కళ్ళు తెరిచి చెయ్యెత్తాను. అప్పుడే ఒక ఇరాక్ సైనికుడు తలుపు తోశాడు. అడగకముందే చేతులెత్తి ఉన్న మా ఐదుగురినీ చూసి, నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు మాత్రం నా కల్పన. బల్ల మీది కారు తాళంచెవి తీసుకుని వెళ్ళాడు. నాకు భయమూ కలగలేదు, ఏడుపూ రాలేదు.

"లెక్కెంతప్పా?" కళ్ళు తెరవకుండానే ఓబులేసు అడిగాడు.

"అందరూ పోదామనే," అన్నాను.