కాలవ సంగతి దాచినందుకు

ఆ ఆదివారం పొద్దున్న ఏడింటికి కొల్లేరు రోడ్డు మీద సైకిలు దిగిపోయాను. దిగాలని దిగలేదండి. పిక్కలు రెండూ బిగుసుకుపోయి కాలు పెడలు మీద నిలవడం లేదు. డిసెంబరు నెల, అటూ ఇటూ చేపల చెరువులు, వాటి మీద మంచు. కానీ నాకొస్తున్న వణుకు ఆ చలికి వచ్చేది కాదని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది. రోడ్డు పక్క టీ బడ్డీ ఆవిడ గ్లాసు అందిస్తూ నా మొహంలోకి చూసింది.

"కళ్ళేంటండి, అంత ఎర్రగా ఉన్నాయి?"

"చలిగాలి కొట్టిందండి," అన్నాను.

ఆ అబద్ధం నలభై రోజులుగా ఇంట్లో చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది. నిజానికి నా కళ్ళు ఎర్రబడేది కాలవ నీళ్ళ వల్ల అని నేననుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం అదీ తప్పేనని తర్వాత తెలిసింది.

నా పేరు రత్నరాజు. తాడేపల్లిగూడెంలో సైకిలు షాపు. అప్పటికి నాకు ముప్పైతొమ్మిదేళ్ళు. షాపుకి గేర్ల సైకిలు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరుగారు మాటల్లో ట్రయాథ్లాన్ అనే పోటీ గురించి చెప్పారు. ముందు ఈదాలి, ఒడ్డుకొచ్చి సైకిలు తొక్కాలి, అది దిగి పరుగెత్తాలి. మధ్యలో ఆగడం లేదు. ఫిబ్రవరిలో చెన్నై దగ్గర ఒకటి ఉందన్నారు. సైకిలు నా అన్నం. పరుగు స్కూలు రోజుల నుంచి ఉంది. ఈతంటారా, కాలవ గట్టున పుట్టినవాణ్ణి. ఇంకేముంది, పురుగు కుట్టింది.

అసలు చిక్కు మా ఆవిడ సువర్ణ దగ్గర ఉంది. సువర్ణ తమ్ముడు ఆనంద్ మా పెళ్ళికి ముందు సంవత్సరం ఏలూరు కాలవలో మునిగి చనిపోయాడు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. ఈత వచ్చినవాడే. పెళ్ళయిన వారానికే సువర్ణ నా చేత బైబిలు మీద చెయ్యి వేయించి ఒకే ఒక్క మాట తీసుకుంది, కాలవలో దిగనని. పద్నాలుగేళ్ళు ఆ మాట మీద నిలబడ్డాను. ఆ చలికాలం తప్పాను.

దగ్గరలో ఈత కొలను లేదు మరి. రోజూ ఐదింటికి "సైకిలు తొక్కొస్తా" అని బయల్దేరి ఉంగుటూరు వైపు వెళ్ళి, ఎవరూ లేని రేవు చూసుకుని దిగేవాణ్ణి. కోతలు జరుగుతున్నాయి. నీళ్ళు చల్లగా కొరికేస్తుండేవి. ప్రవాహానికి ఎదురు ఈదితే పావుగంటలో ఒళ్ళు వేడెక్కేది. ఆ సుఖం ఎలా ఉండేదో ఇప్పుడు చెప్పినా మీరు నన్ను తిడతారు. అయ్యాక తల తుడుచుకుని, తడి నిక్కరు షాపు వెనక పాత రిమ్ములకి ఆరేసి, తొమ్మిదింటికి ఇంటికెళ్ళి ఇడ్లీ తినేవాణ్ణి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనుకున్నాను. నిజంగానే ఎవరికీ తెలియలేదు. ప్రాణం మీదకి తెచ్చింది అదే.

కొల్లేరు నుంచి ఏలూరు దాకా ఒక చేపల వ్యాను అతను సైకిలుతో సహా ఎక్కించుకున్నాడు. అక్కణ్ణుంచి బస్సు. ఇంటికొచ్చేసరికి నూట మూడు జ్వరం. సువర్ణ పిక్కలకి నూనె రాస్తూ, "ఈ వయసులో మీకు అవసరమా చెప్పండి, అంతంత దూరాలు," అంది. చెయ్యి తగిలితే ప్రాణం పోతోంది. ట్రైనింగ్ నొప్పి, రెండు రోజుల్లో పోతుందన్నాను. చూశారా, నొప్పికి సైకిలు కారణం, కళ్ళకి గాలి కారణం, జ్వరానికి మంచు కారణం. ప్రతి దానికీ నా దగ్గర జవాబుంది.

మూడో రోజు మా ఊళ్ళోనే డాక్టరుగారికి చూపించాం. మలేరియా నెగెటివ్, టైఫాయిడ్ నెగెటివ్. "వైరల్ ఫీవర్‌లా ఉంది. ఏం పని చేస్తుంటారు? పొలం పనులకి వెళ్తారా? నీళ్ళలో తిరుగుతారా?" అని అడిగారాయన. ఆయన అడగాల్సింది అడిగారు, ఆయన తప్పేం లేదు. నేను నోరు తెరిచేలోపు సువర్ణ అందుకుంది.

"సైకిలు షాపండి. నీళ్ళ జోలికే పోరండి ఈయన. నాకు మాటిచ్చారు."

ఆ మాట చెబుతున్నప్పుడు దాని మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఆయన మాత్రలు రాసిచ్చారు.

శుక్రవారానికి కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. రక్తపరీక్షలో బిలిరుబిన్ చూసి డాక్టరుగారు, "ఏలూరు వెళ్ళి అడ్మిట్ అవ్వండి, ఆలస్యం చెయ్యకండి," అన్నారు. బ్యాగు సర్దుతుంటే మా అత్తగారు వచ్చారు. "కామెర్లకి ఇంగ్లీషు మందేముంది బాబూ? మూడు రోజులు పసరు పోయించుకుంటే తగ్గిపోతుంది. మా వీధిలో అందరికీ అలాగే తగ్గింది," అన్నారు. మా వైపు ఇది అందరూ అనే మాటే. సువర్ణ అటూ ఇటూ ఊగింది. పసరుకే వెళ్దామన్నది నేను. ఎందుకన్నానో ఇన్నాళ్ళకి సిగ్గు లేకుండా రాస్తున్నాను. పసరు పోసేవాళ్ళు ప్రశ్నలు వెయ్యరు.

అత్తిలి దగ్గర ఒక ఊళ్ళో పెద్దాయన పరగడుపున ఆకు పసరు మేకపాలలో కలిపి పోశాడు. ఉప్పు లేదు, కారం లేదు, నూనె లేదు. ఇంగ్లీషు మందులు ముట్టకూడదన్నాడు, మాత్రలు మానేశాను. మంచి మనిషే, నా దగ్గర ఏమీ ఆశించలేదు. మూడో రోజుకి తాగిన పసరు తాగినట్టే వాంతయింది. ఆ రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నాకు మూత్రమే రాలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదేనండి.

ఏలూరు హాస్పిటల్లో చేర్చేసరికి క్రియాటినిన్, అదే కిడ్నీల లెక్క, ఆరు పైన, ప్లేట్‌లెట్స్ బాగా తక్కువ. అక్కడి డాక్టరమ్మగారు మాటలు తక్కువ మనిషి. రిపోర్టులన్నీ చూసి, దుప్పటి తీసి నా పిక్క నొక్కారు. కేకేశాను.

"ఈ నొప్పి ఎప్పటి నుంచి?"

"సైకిలు తొక్కడం వల్లండి..."

"సైకిలు తొక్కితే కళ్ళు ఎర్రబడవు. మామూలు కామెర్లకి కిడ్నీలు ఇంత తొందరగా పడిపోవు." ఆవిడ సువర్ణ వైపు తిరిగారు. "పొలంలో గానీ మురుగునీళ్ళలో గానీ తిరిగారామ్మా? చెరువు, కాలవ, ఏదైనా?"

"లేదండి డాక్టరుగారూ," అంది సువర్ణ. అదే ధీమా. నా కోసం అబద్ధమాడుతున్నానని కూడా దానికి తెలియదు, పాపం. అప్పటికి వారం రోజులుగా అన్నం సరిగ్గా తినలేదది. నాకు ఏడుపొచ్చింది. చచ్చిపోతానేమోనన్న భయం ఒక పక్క, చెబితే దాని మొహం ఎలా చూడాలన్న భయం ఇంకో పక్క. నిజం చెప్తున్నాను, రెండో భయమే పెద్దగా ఉంది.

"దిగానండి," అన్నాను. "నలభై రోజులు. రోజూ. ఏలూరు కాలవలో ఈదానండి."

డాక్టరమ్మగారు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "కాళ్ళకి దెబ్బలేమైనా ఉన్నాయా?" అని తనే రెండు పాదాలూ తిప్పి చూశారు. ఎడమ మడమ దగ్గర, చైన్‌వీల్ పళ్ళు దిగి గీరుకుపోయిన గాయం. మూడు వారాల కిందటిది. దాంతోనే నీళ్ళలో దిగుతూ వచ్చాను. సైకిలు షాపువాడికి చైన్‌వీల్ గాయం ఒక గాయమా అనుకున్నాను.

"లెప్టోస్పైరోసిస్ అనుకుంటున్నాను. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు గాయానికి తగిలితే వస్తుంది. కోతలప్పుడు ఎలుకలు చేలల్లోంచి గట్ల మీదకి చేరతాయి. టెస్టుకి పంపుతాం, కానీ రిజల్ట్ కోసం ఆగను. ఇప్పుడే పెన్సిలిన్ మొదలుపెడతాం. ఈ మాట వారం కిందట చెప్పుంటే బాగుండేది," అన్నారు.

సువర్ణ చేతిలో ఉన్న ఫ్లాస్కు మూత విప్పి మళ్ళీ బిగించింది. మళ్ళీ విప్పింది. తర్వాత బయటికెళ్ళిపోయింది.

అరగంటకి తిరిగొచ్చింది. ఎంత మూత్రం వస్తోందో ప్రతిసారీ కొలిచి రాయమని సిస్టరు ఒక ప్లాస్టిక్ జగ్గు ఇచ్చి వెళ్ళింది. సువర్ణ బ్యాగులో చర్చి వాళ్ళు ఇచ్చిన క్రిస్మస్ పాటల కాగితం ఉంటే దాని వెనక గీతలు కొట్టి రాయడం మొదలుపెట్టింది. జగ్గు కిటికీ వెలుగులో ఎత్తిపట్టుకుని, చదివి, నాకు వినబడేలా అంకె చెప్పేది. "ఎనభై." అంతే. ఇంకో మాట లేదు. ఆ రోజంతా కలిపి రెండొందల మిల్లీలీటర్లు కూడా కాలేదు.

మర్నాడు డయాలసిస్ పెట్టారు. మెడ దగ్గర గొట్టం వేస్తుంటే నా చెయ్యి మాత్రం పట్టుకుంది, మొహం అటు తిప్పుకుని. ఆ సాయంత్రం "అరవై" అంది. ముందు రోజు కంటే తక్కువ. ప్లేట్‌లెట్స్ ఇంకా పడ్డాయి, పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. "మందు పనిచెయ్యడానికి టైమ్ పడుతుంది. ఇంకో సిట్టింగ్ చూద్దాం," అన్నారు డాక్టరమ్మగారు. ఆవిడ గొంతులో భరోసా లేదు, అదే నన్ను భయపెట్టింది.

అప్పుడొచ్చారు మా అత్తగారు. ఆవిడకి సువర్ణ అంతా చెప్పేసినట్టుంది. మంచం పక్క స్టూలు మీద కూర్చుని చాలాసేపు నా పాదాలు చూశారు.

"ఒక్కణ్ణి ఇచ్చాను బాబూ ఆ కాలవకి," అన్నారు. "చాలదా?"

నేను దుప్పటి మొహం మీదకి లాక్కుని ఏడ్చాను. ఆవిడ కాసేపటికి, "పసరు మాట నేను ఎత్తకుండా ఉండాల్సింది," అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. ఆ తప్పు కూడా నాదే.

క్రిస్మస్ రోజు రెండో డయాలసిస్. మర్నాడు "నూటయాభై." ఆ పై రోజు ఒక్క పొద్దుటికే "నాలుగొందలు." అంకె చెప్పే గొంతు కొంచెం మెత్తబడుతోందని నాకనిపించేది, ఆశ కొద్దీ అయినా కావచ్చు. టెస్టు రిజల్ట్ పాజిటివ్ అని వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం సువర్ణ జగ్గు కిందపెట్టి, కాగితం మీద కూడికలు వేసి, "పదకొండు వందలు," అంది. తర్వాత కలం మూతపెట్టి నా వైపు తిరిగింది.

"తడి బట్టలు ఎక్కడ ఆరేసేవారండీ?"

నాలుగు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"షాపు వెనక. పాత రిమ్ములకి."

"నలభై రోజులు నా ఎదురుగా కూర్చుని ఇడ్లీ తిన్నారు," అంది. "చట్నీ బాగుందని కూడా అన్నారు."

"బాగుండేదే సువర్ణా."

కోపంగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను మళ్ళీ మాటిస్తానన్నాను, బైబిలు తెమ్మన్నాను. అది వద్దంది.

"మాటలివ్వకండి. మాట తీసుకున్నాను గనకే మీరు దాచారు. ఎక్కడికెళ్తున్నారో చెప్పి వెళ్ళండి, చాలు. నచ్చకపోతే అరుస్తాను. అరవనివ్వండి."

మొత్తం పద్దెనిమిది రోజులు హాస్పిటల్లో ఉన్నాం. ఇంటికొచ్చాక రెండు నెలలు మెట్లెక్కితే ఆయాసం. క్రియాటినిన్ మామూలుకి రావడానికి ఇంకో నెల పట్టింది. పిక్కల్లో బలం లేక షాపులో పంపు కొట్టడానికి కూడా ఇంకొకరిని పిలిచేవాణ్ణి. మొదటిసారి సైకిలు మీద ఉంగుటూరు దాకా వెళ్ళొచ్చింది మే నెలలో. కాలవ పక్క నుంచే వెళ్ళాను. ఆగలేదు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. కాలవలో ఇక దిగలేదు. శనివారాలు రైలెక్కి రాజమండ్రి వెళ్ళి కొలనులో ఈదుతున్నాను, చెప్పే వెళ్తున్నాను. బయల్దేరే ముందు సువర్ణ లైటు కింద కూర్చోబెట్టి నా మడమలు, వేళ్ళ సందులు చూస్తుంది. గీత కనబడితే ప్రయాణం బంద్. అరుపులు కూడా ఉంటాయి, దాచడమెందుకు. మొన్న ఫిబ్రవరిలో చెన్నై దగ్గర ఆ పోటీకి ఇద్దరం వెళ్ళాం. సముద్రం ఒడ్డున అంతమంది కుర్రాళ్ళ మధ్య నన్ను ఇసుకలో కూర్చోబెట్టి పాదాలు చూసింది. "వెళ్ళండి," అంది. ఈత ముగించి ఒడ్డుకొచ్చేసరికి అందరి ఇళ్ళవాళ్ళూ నీళ్ళ వైపు చూస్తూ చప్పట్లు కొడుతున్నారు. సువర్ణ ఒక్కతే సముద్రానికి వీపు పెట్టి, తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నేను తడి చెయ్యి భుజం మీద వేసేదాకా తిరగలేదు.

చివర నుంచి నాలుగోవాణ్ణిగా వచ్చాను.

చదివేవాళ్ళకి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కాలికి గాయం ఉంటే కాలవలో దిగకూడదని డాక్టర్లు ఎలాగూ చెబుతారు, అది వినండి. ఆ పైన, జ్వరంతో వెళ్ళినప్పుడు "ఎక్కడెక్కడ తిరిగారు, ఏం చేశారు" అని డాక్టరు అడిగితే, పక్కన ఎవరు కూర్చున్నా సరే, మొత్తం చెప్పెయ్యండి. చెప్పలేకపోతే వాళ్ళని కాసేపు బయట కూర్చోమని డాక్టరునే అడగండి, వాళ్ళు ఏమీ అనుకోరు. నాకు ఆ ఊహే రాలేదు. సువర్ణ ఆ రెండుసార్లూ నా తరఫున "లేదండి" అన్న గొంతు నాకింకా వినబడుతూనే ఉంటుంది.