పిలుపు రాని కౌంటరు

మా వీధిలో బేరం నోటితో మొదలై కాళ్లతో ముగుస్తుంది. మద్రాసులో, చూలై అనే పేటలో మా నాయనది తాళాలు, గొళ్లేలు, తలుపు బందులు అమ్మే కొట్టు. వచ్చినవాడు ధర అడుగుతాడు, నాయన చెబుతాడు, వాడు ముఖం చిట్లిస్తాడు, నాయన కొంచెం దిగుతాడు, వాడు ఇంకా చిట్లిస్తాడు. చివరికి చేతిలోని గొళ్లెం బల్ల మీద పెట్టేసి, ఇంకోచోట చూసుకుంటామంటూ మెట్లు దిగుతాడు. అసలు కథ అక్కడే ఉంది. నిజంగా పోయేవాడు గబగబా పోతాడు. కొనే మనసున్నవాడు నిదానంగా పోతాడు. పక్క కొట్టు ముందు ఆగి చెప్పు సరిచేసుకుంటాడు. అప్పుడు నాయన "సార్, రండి సార్, ఉదయంపూట మొదటి బేరం" అని పిలుస్తాడు. సాయంత్రం ఆరు గంటలకైనా మాకు ఉదయమే.

నాకు అక్షరాలకన్నా ముందు ఆ నడక వచ్చింది. కూరగాయల బండి వస్తే అమ్మ తను దిగేది కాదు, నన్ను పంపేది. నన్ను దూరంనుంచి చూడగానే బండాయన కొత్తిమీర కట్ట తీసి పక్కన పెట్టేవాడు, అడగకముందే ఇచ్చేస్తే తొందరగా వదిలిపోతానని. అది నా మీద గౌరవమని చాలాకాలం అనుకున్నాను.

డాక్టరు కావాలన్న కోరిక కూడా కొట్టులోంచే పుట్టింది. మా వీధి చివర క్లినిక్కులో ఒక డాక్టరమ్మ ఉండేది. ఆమె ముందు బేరమాడినవాళ్లను నేను ఒక్కరిని కూడా చూడలేదు. మా నాయనంతటివాడు కూడా ఆమె చెప్పిన మందు చెప్పినన్ని పూటలు మింగేవాడు. ఒకసారి మాట అంటే అదే ఆఖరి మాట కావడం, దాన్ని ఎవరూ తగ్గించమని అడగకపోవడం - ఆ వైభోగం నాకు కావాలనిపించింది. రోగులకు సేవ చేయాలని కూడా ఉండేదిలెండి, కానీ అది రెండోది.

ప్లస్ టూ అయ్యాక నీట్ రాశాను. సర్కారు సీటుకు ఆ మార్కులు చాలలేదు. బయాలజీ నన్ను పైకి లాగితే కెమిస్ట్రీ కాలు పట్టుకుని కిందికి లాగింది. ప్రైవేటు కాలేజీలు మాత్రం ఎంతో ప్రేమగా రమ్మన్నాయి. వాళ్ల ఫీజు వినగానే నాయన కొట్టు షట్టరు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. "ఒక సంవత్సరం ఇంట్లో కూర్చోని చదవనీ. కాలేజీ గీలేజీ ఏమీ వద్దు," అంది అమ్మ.

"సరుకు ఊరికే గోడౌన్లో పెట్టుకుంటే తుప్పు పడతాది," అన్నాడు నాయన. "బీఎస్సీలో చేరనీ. పక్కనే నీటూ చదవనీ. ఇంకొక్క తూరి రాసేది. వస్తే డాక్టరుకు పో పాపా. రాకపోతే ఆ డిగ్రీతోనే నువ్వు బతకాల. మూడోతూరి మాట ఎత్తకూడదు."

నేను సరేనన్నాను. ఒప్పుకున్నాక గాని బరువు తెలియలేదు. ఏ కోర్సులో చేరినా అది ఒక్క ఏడాది మజిలీ కావచ్చు, జీవితమంతా కావచ్చు. పెళ్లికొడుకును బస్సులో సీటు ఎంచుకున్నట్టు ఎంచుకోకూడదు.

అందుకని సంత చేసినట్టు తిరిగాను. మా స్కూలు సీనియర్లందరినీ పట్టుకుని ఏ కోర్సులో మొదటి ఏడు ఏం చెబుతారని అడిగాను. ఫిజిక్స్ పేరు ఎత్తగానే నాకే ఆవులింత వచ్చింది. బాటనీలో సగమే పనికొస్తుంది. బయోకెమిస్ట్రీ పేరు వినడానికి ఖరీదుగా ఉంది గాని, అందులో సగం నాకు పడని సరుకు. జువాలజీ మాత్రం నా కోసమే కట్టిన మూటలా ఉంది. నీట్‌లో సగం బయాలజీ కదా, ఆ జంతువుల భాగమంతా క్లాసులోనే అయిపోతుంది. దాంతోపాటు అలైడ్ సబ్జెక్టుగా కెమిస్ట్రీ కూడా కొంచెం చెబుతారు. మెయిన్ కొంటే కొసరు కూడా వస్తున్నట్టు. కెమిస్ట్రీ మెయిన్‌గా తీసుకోవాలన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. పుస్తకంలో ఆ ఆరు మూలల బెంజీన్ బొమ్మలు చూస్తే అప్పట్లో తేనెటీగలు తరుముతున్నట్టుండేది.

మన ఊళ్లో కాలేజీలకు రెండు షిఫ్టులుంటాయి. పొద్దుటిది మధ్యాహ్నానికి వదిలేస్తారు, రెండోది అప్పుడు మొదలై చీకటి పడేదాకా సాగుతుంది. నా నీట్ కోచింగ్ మధ్యాహ్నాలు. కాబట్టి నాకు కావలసింది జువాలజీ, పొద్దుటి షిఫ్టు. అన్నీ తెలుసుకుని, అన్నీ బేరీజు వేసుకుని, కొత్త ఫైలు చంకన పెట్టుకుని కౌన్సెలింగుకు వెళ్లాను. నాయన కూడా వచ్చాడు. కాలేజీకని ఆ రోజు బూట్లు వేసుకున్నాడు.

పెద్ద హాలు. గోడల వెంబడి తల్లిదండ్రులు, మధ్యలో బల్ల, బల్ల వెనక ఒక ప్రొఫెసరు. టోకెను పిలిస్తే వెళ్లాలి. నా వంతు వచ్చింది. ఆయన నా మార్కుల కాగితం చూసి తమిళంలో, "జువాలజీ ఉందమ్మా. రెండో షిఫ్టు. తీసుకుంటావా?" అన్నారు.

"పొద్దుటి షిఫ్టు సార్?"

"నిండిపోయింది."

నాకు లోపల ఏదో మేలుకుంది. నిండిపోయింది అన్న మాట మా కొట్టులో రోజూ వినబడుతుంది. స్టాకు లేదండీ అన్న తర్వాత ఎంత స్టాకు బయటికొస్తుందో నాకు తెలుసు. ముఖం చిట్లించాను. "కొంచెం చూడండి సార్. ఒక్క సీటే కదా."

"లేదమ్మా. ఇదే ఉంది."

నాయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. మాటల్లేకుండానే ఇద్దరికీ అర్థమైంది. ఫైలు తీసుకుని, "సరేలెండి సార్," అని వెనక్కి తిరిగాను. ఇద్దరం తలుపు వైపు నడవడం మొదలుపెట్టాం.

"నిదానంగా నడు మే," అన్నాడు నాయన పెదవి కదపకుండా.

"నిదానంగానే నడస్తా ఉండా."

"ఫైలు మూసేసినావా?"

"మూసినా."

"తెరిచి పెట్టుకో. మనకింకా మనసుండాదని ఆయనకు తెలవాల."

ఫైలు తెరిచాను. తలుపు దగ్గరికొచ్చాం. చెప్పు సరిచేసుకోవలసిన చోటు అది. నాయనకు బూట్లున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. ఏం చేయాలో తోచక వంగి, బాగానే ఉన్న లేసు విప్పి, మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. నేను వెనక్కి చూడకుండా చెవులు మాత్రం వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

వెనకనుంచి పిలుపు వచ్చింది. తర్వాతి టోకెనుకు.

"ఇంకోదీ విప్పేదా?" అన్నాడు నాయన కిందినుంచి.

"వద్దులే నాయినా. మళ్లా బల్లకాడికే పోదాం పా."

మేం బల్ల దగ్గరికి తిరిగి వెళ్లేసరికి, రెండు జడలేసుకున్న ఒక అమ్మాయి జువాలజీ సీటు కాగితం పట్టుకుని వాళ్లమ్మను వెతుక్కుంటూ మాకెదురొచ్చింది. అదే ఆఖరిదట.

"మీరు వెళ్లిపోయారు కదా," అన్నారు ప్రొఫెసరు.

"పోలేదు సార్, నడస్తా ఉన్నాం," అన్నాడు నాయన తన తమిళంలో. "మీరు పిలుస్తారనుకున్నాం."

ఆయన కళ్లజోడు తీసి మమ్మల్ని చూశారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. "నేనెందుకు పిలవాలి?"

మా వంశంలో ఎవరినీ ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు. చూలైలో అయితే దానికి జవాబు గాలిలోనే ఉంటుంది. ఈ హాల్లో గాలి వేరు.

ప్రొఫెసరు కాగితం తిరగేశారు. "కెమిస్ట్రీ ఉంది. పొద్దుటి షిఫ్టు. చెప్పమ్మా, వెనక టోకెను నిలబడి ఉంది."

పక్కన నాయన ముఖం అలవాటుగా చిట్లించబోవడం కంటి చివరనుంచి కనిపించింది. ఆయన ముఖం పూర్తిగా ముడతపడేలోపే, "తీసుకుంటాను సార్," అనేశాను. జీవితంలో చెప్పిన ధరకు నేను కొన్న మొదటి వస్తువు అదే. అదీ నాకు పడని సరుకు.

బస్సులో కూర్చున్నాక నాయన ఆ బూటు లేసు మళ్లీ బిగించుకున్నాడు. తర్వాత, "ఆ సారు కొట్టు పెట్టుంటే మనమందరం మూసేసుకోవాల్సిందే," అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ నడుం మీద చేయి పెట్టుకుని వింది. "తండ్రీకూతురూ పోయి ఉన్న సీటు పోగొట్టుకొస్తిరి. నన్ను పంపించుంటే కదా."

"నువ్వు పోయుంటే ఏం చేసుంటావు?" అన్నాడు నాయన.

"ఏమీ చెయ్యను. ఆడనే కూర్చోనుంటా. లేస్తే కదా సీటు పొయ్యేది."

అలా నేను కెమిస్ట్రీలో పడ్డాను. మొదటి వారాలు క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, జువాలజీ వాళ్లు మెట్ల మీద కప్పల గురించి మాట్లాడుకుంటుంటే వింటూ ఈర్ష్యపడ్డాను. బయాలజీ బస్సులో చదువుకునేదాన్ని. మధ్యాహ్నం కోచింగు, రాత్రి మళ్లీ పుస్తకం. కెమిస్ట్రీని మాత్రం అత్తగారింటి బంధువులా దూరం పెట్టాను.

ల్యాబులో అడుగుపెట్టాక కథ మారింది. స్టాండుకు బిగించిన సన్నటి గాజు గొట్టంలోంచి ద్రావణాన్ని కింది సీసాలోకి వదలాలి. రంగు మారే చోట ఆపాలి. ముందు ధారగా వదలొచ్చు. దగ్గరపడ్డాక చుక్కచుక్కగా. ఇంకొక్క చుక్క ఎక్కువైతే మొదటికొస్తుంది. నాకు నవ్వొచ్చింది. ఇది నాకు తెలిసిన పనే. ఎదుటివాడు ఎక్కడిదాకా దిగుతాడో కనిపెట్టి, ఆ చుక్క దగ్గర ఆగడం. లేత గులాబీ రంగు వచ్చిందంటే ఆఖరి ధర. పక్కవాళ్ల సీసాలు బీట్‌రూట్ రసంలా ఎర్రబడితే, నాది పసిపాప బుగ్గలా నిలిచింది. మా మేడం సీసాను తెల్ల కాగితం మీద పెట్టి చూసి, "తొందర లేదు నీకు," అన్నారు. బజారులో ఎవరూ నాకివ్వని కితాబు.

కొన్నాళ్లకు నాయన ఒక తలుపు బందు తెచ్చి నా పుస్తకం మీద పెట్టాడు. మద్రాసు శివారు అంబత్తూరు ఫ్యాక్టరీల నుంచి వచ్చిన సరుకు. పైన మెరుస్తున్న పూత ఉల్లిపొరలా లేచిపోతోంది. "ఇది ఎందుకిట్ల లేస్తా ఉండాది పాపా? సప్లయరును అడిగితే మీ మెడ్రాసు గాలి అంటాడు. వాడిదీ మెడ్రాసే."

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీగా ఉండి, బందును సంచిలో వేసుకుని కాలేజీకి పట్టుకెళ్లాను. మేడం గోటితో గీకి చూశారు. లేచిన పూత కింద ఇనుము మీద ఎర్రటి తుప్పు మచ్చలు. పూత వేసేముందు ఇనుము మీది నూనె, తుప్పు ఆమ్లంలో కడిగి పోగొట్టాలనీ, సరిగా కడగకపోతే పూతకు పట్టు దొరకదనీ చెప్పారు. కడిగిన ఇనుప ముక్క ఒకటి, కడగనిది ఒకటి తీసుకుని రెండింటికీ రాగి పూత పెట్టించారు. కడగనిదాన్ని బట్టతో తుడిస్తే పూత బట్టకొచ్చేసింది. ఆ రెండు ముక్కలూ జేబులో వేసుకుని ఇంటికొస్తుంటే బస్సులో బయాలజీ పుస్తకం తెరవడం మరిచిపోయాను.

నాయన ఆ ముక్కలు సప్లయరు ముందు పెట్టాడు. వాడు పెట్టెకు పెట్టె వాపసు తీసుకున్నాడట. "మా పాప చేసింది" అని ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు. బందులు కొనడానికొచ్చినవాళ్లు ధర అడిగితే, ముందు ఇది వినమనేవాడు.

రెండోసారి నీట్ రాశాను. ఫలితం వచ్చిన రోజు మార్కులు చూసి, మళ్లీ చూశాను. కెమిస్ట్రీలో నేను ఊహించనంత పెరిగాయి. బయాలజీలో అంతే తగ్గాయి. మొత్తం కలిపితే మళ్లీ గుమ్మం బయటే. ఏడ్చాను. గొప్పగా ఏమీ కాదు, మిద్దె మీద ఆరేసిన దుప్పటి వెనక. డాక్టరమ్మ కుర్చీ నాది కాదని తెలియడం చిన్న విషయం కాదు.

నాయన మాట మీద నిలబడ్డాడు, మూడోసారి సంగతి ఎత్తలేదు. అమ్మ ఏ మాటకూ సంతకం పెట్టలేదు. సాంబారుకు చిన్న ఉల్లిపాయలు వలుస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంకొక్క తూరి రాయి మే."

"వద్దమ్మా."

"కెమిస్ట్రీ పెరిగింది కదా. ఇప్పుడు వదిలేస్తే ఎట్ల?"

"పెరిగింది కాబట్టే వద్దంటా ఉండా."

అది నా తొలి ధర అనుకుంది అమ్మ. "సరే, కోచింగుకు పోవద్దు. ఇంట్లోనే చదువుకో."

"వద్దు."

"రాత్రిపూట చదవొద్దులే. పగలే చదువు."

"వద్దమ్మా."

"చదవనే వద్దు. ఊరికే పోయి రాసిరా."

మా అమ్మ ఇంత కిందికి దిగడం నేనెప్పుడూ చూడలేదు. మామూలుగా అయితే ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఒక కొత్త ఫోను, ఒక కొత్త సైకిలు రాబట్టుకునేదాన్ని. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"బేరం కాదమ్మా. నాకు ఆడ చదవాలనుంది. రెండో సంవత్సరం ల్యాబు తెరుస్తా ఉండారు. నాకు దాని మీదనే ఉండాది ఆశ."

అమ్మ చేతిలోని ఉల్లిపాయ సగం వలిచి ఆగింది. ఉల్లిపాయలు ఉండటం ఇద్దరికీ మంచిదైంది. కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది. "డాక్టరైతే ఇంటి ముందర బోర్డు పెట్టుకుంటారు. కెమిస్ట్రీ వాళ్లు యాడ పెట్టుకుంటారు?"

నేను ఆలోచించాను. "బోర్డుండదు. కోటుంటాది," అన్నాను.

"తెల్లదే కదా?"

"తెల్లదే."

"ఉతికేది నేనే కదా, నాకు తెలవదా? మోచేతికాడ ఆసిడు పడి అంతా బొక్కలు పడిపోయుండాది. దాన్నేసుకోని ఆ మేడం ముందర ఎట్ల నిలబడతా ఉండావో." మళ్లీ వలవడం మొదలుపెట్టింది. "కొత్తవి రెండు కుట్టించుకో. ఒకటి ఉతికితే ఇంకోటి ఉండాల."

ఆ సాయంత్రమే టైలరు దగ్గరికి తీసుకెళ్లింది. జేబులు లోతుగా పెట్టమని ఆయనకు అమ్మే చెప్పింది, ఇనుప ముక్కలు వేసుకుని తిరిగే పిల్ల అని.