తినని కోడికూర, ఎత్తిన బరువు

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన తొలి ఏళ్లలో నేను రాయపూర్‌లో ప్లస్ టూ చదువుతూ వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకునేదాన్ని. నాన్న రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టర్. గుంటూరు వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం మాది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కాలనీలోని తెలుగువాళ్లకు మేం సాయిబులం, మసీదు దగ్గర ఉర్దూవాళ్లకు మద్రాసీలం.

రాష్ట్రస్థాయి పోటీలకు ముందు మా అమ్మాయిలందరికీ క్యాంపు పెట్టారు. మొదటి రోజు మధ్యాహ్నమే కోడికూర వడ్డించారు. నేను పప్పు మాత్రం పోయించుకుని కూర్చున్నాను. మా కోచ్ సైన్యంలో చేసి వచ్చిన మనిషి. నా కంచం చూసి ఆగారు.

"చికెన్ క్యోం నహీ?"

"హలాల్ కాదు సర్. మావాళ్లు తినరు."

"తినరని కనబడుతూనే ఉంది బేటీ. ఎందుకు తినరని అడుగుతున్నా. బరువెత్తేటప్పుడు నడుం ఎందుకు వంగకూడదో నీకు విడమరిచి చెప్పానా, లేదా? అలాగే నువ్వూ నాకు చెప్పు. అర్థమైతే నీ తిండి ఇంతజామ్, ఏర్పాటంతా నేను చేస్తా."

ఊహ తెలిసినప్పటి నుంచీ పాటిస్తున్న నియమం గురించి ఒక్క ముక్క చెప్పలేకపోయేసరికి చెవులు వేడెక్కాయి. పక్కన కూర్చున్న అమ్మాయిలు నవ్వలేదు గానీ నాకు నవ్వినట్టే అనిపించింది.

ఆదివారం ఇంటికెళ్లి, బ్యాగు దించకుండానే నాన్నను అడిగాను. ఆయన కూలర్‌కు గడ్డి మారుస్తున్నాడు.

"ప్రాణం మనం ఇచ్చింది కాదు గదమ్మా," అన్నాడు పని ఆపి. "అందుకే ఇచ్చినోడి పేరు చెప్పుకొని, ఆయన ఇజాజత్‌తో, అనుమతితో తీయాల. ఆకలికి తీస్తన్నాం, సరదాక్కాదని మన మనసుకి తెలియాల. కత్తి బాగా పదునుండాల. దాన్ని ఆ జీవం కళ్ల ముందు నూరగూడదు, ఒకదాని ఎదురుగా ఇంకోదాన్ని కొయ్యగూడదు. నెత్తురు మనకి హరామ్, తినగూడనిది, అంతా కారిపోనియ్యాల."

"మరి పంది సంగతి?"

"జబ్బులొస్తయ్యని కొందరంటారు. రేపు ఆ జబ్బుకి మందొస్తే తింటామా? తినం. అది అపరిశుభ్రమని మన కితాబులో ఉంది, పైవాడు వద్దన్నాడు, మానేశాం. అన్నిటికీ కారణం నాకూ తెలీదు. తెలీదనే చెప్పు మీ సర్‌కి."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "తిండి దొరక్క ప్రాణం పోయేట్టుంటే ఏదైనా తినొచ్చని కూడా చెప్పండి. ప్రాణం నిలబెట్టుకోటమే ముందు."

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్తూ నాతో పాటు క్యాంపుకు వచ్చాడు. తనకొచ్చిన హిందీలో అంతా వివరించాడు. కోచ్ మధ్యలో అడ్డురాకుండా విని, ఆఖర్న ఒక్క ప్రశ్న వేశారు.

"మజ్బూరీ అయితే, వేరే దారి లేకపోతే, మినహాయింపు ఉందన్నారుగా. పోటీలు దగ్గరకొచ్చాయి, పిల్లకు బలం కావాలి. ఇది మజ్బూరీ కాదా?"

"గుడ్లున్నాయి, పాలున్నాయి, శనగలున్నాయి సర్. ఇన్ని ఎదురుగా పెట్టుకుని మజ్బూరీ అంటే పైవాడు ఒప్పుకోడు."

కోచ్ పగలబడి నవ్వారు. నాన్న భుజం తట్టి, వంటమనిషిని పిలిచి, నాకు రోజూ గుడ్లు, పనీర్, నానబెట్టిన శనగలు పెట్టమన్నారు. వారానికోసారి అమ్మ మటన్ కూర పంపడానికీ ఒప్పుకున్నారు. ఆ పూటే నేను కూడా నా నోటితో అమ్మాయిలందరికీ హలాల్ అంటే ఏమిటో చెప్పాను. తెలియనిచోట తెలియదన్నాను.

పోటీల రోజు నాన్న స్కూటర్ మీద, కాలనీ నుంచి తెలుగువాళ్లు ఒక మెటడోర్ వ్యాన్ నిండా వచ్చారు. స్నాచ్‌లో, అంటే బరువును ఒకే ఊపులో నెత్తి మీదికి లేపే మొదటి అంశంలో, భిలాయి అమ్మాయి నాకంటే ముందుంది. గెలవాలంటే, ముందు భుజాల మీదికి లేపి తర్వాత పైకి తోసే రెండో అంశం చివరి ప్రయత్నంలో, ప్రాక్టీసులో నేను ఎప్పుడూ ఎత్తని బరువు ఎత్తాలి. కోచ్ నన్ను అడక్కుండానే ఆ బరువు రాయించేశారు.

బిస్మిల్లా, దేవుడి పేరుతో, అనుకుని వంగాను. బార్ భుజాల మీదికి వచ్చింది. తొడలు వణుకుతుండగా లేచి నిలబడ్డాను. గుండెల నిండా ఊపిరి పీల్చి ఒక్క తోపు తోశాను. మోచేతులు బిగుసుకున్నాయి. బార్ నెత్తి మీద కదలకుండా నిలిచింది.

"అట్టాగే ఉండమ్మా! దించమాక!" అని జనంలోంచి ఎవరో తెలుగులో కేక పెట్టారు.

ఎత్తడం చెల్లిందని జడ్జీల తెల్ల దీపాలు వెలిగాయి. బార్ దించేసి అరిచాను; ఏమని అరిచానో గుర్తులేదు. బంగారు పతకం నాదే. కోచ్ నన్ను వదిలేసి నేరుగా నాన్న దగ్గరికి వెళ్లారు. వచ్చే ఏడు క్యాంపుకు కోళ్లు ఏ హలాల్ కొట్లో కొనాలో చెప్పమని అడిగారు. ఒకే కూర అందరూ తినొచ్చు కదా అన్నారు.

ఇల్లు దగ్గరే అయినా నాన్న స్కూటర్‌ను ఊరి చివర టాటీబంధ్ కూడలి దాకా తిప్పాడు. లారీల మధ్యలోంచి హారన్ కొట్టుకుంటూ పోతున్నాడు. వెనక కూర్చున్న నేను, పతకం చున్నీ కింద దాగకుండా దాన్ని పైకి తీసి పెట్టుకున్నాను.