గోడ వెనక ఎవరు పడుకుంటారు?

మా బాబాయికి భయం. దేనికి అని అడిగితే ఈ పూటకి తేలదు. లిఫ్టంటే భయం, నిచ్చెనంటే భయం, తాళం వేసిన తలుపంటే భయం, తాళం వేయని తలుపంటే ఇంకా భయం. ఊరెళ్ళేటప్పుడు ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసి, అది చాలక గోడ గడియారంలో బ్యాటరీ కూడా తీసేస్తాడు. తిరిగొచ్చాక పెట్టడం మర్చిపోతాడు. అందుకని వాళ్ళింట్లో టైమెప్పుడూ ఆఖరిసారి ఊరెళ్ళిన టైమే. ఇంతటి ధైర్యశాలి పొట్టకూటికి ఎంచుకున్న పని బట్టలారబెట్టే డ్రయ్యర్లు బాగుచేయడం.

"కరెంటూ, వేడీ, బట్టల పీచూ. నిప్పుకి కావలసినవన్నీ ఒకే డబ్బాలో పెట్టి, దాన్ని తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకుంటున్నారు," అనేవాడు. "జనానికి ఎంత ధైర్యమో."

నేను ఆయన అన్నకూతుర్ని. వ్యాను నడపడం ఆయనకి భయం కాబట్టి ఆరేళ్ళు నేనే నడిపాను. పనిముట్లు అందిస్తూ పని కూడా నేర్చుకున్నాను. ఆ పనికి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. ఏ ఇంటికెళ్ళినా మిషను తిప్పి చూసేవాడు కాదు. ముందు గుమ్మంలో నిలబడి ముక్కుతో గాలి పీల్చేవాడు. తర్వాత జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి మిషను మీద ఆనించేవాడు. ఆ తర్వాతే ప్రశ్నలు. మోటారు మూలుగుతోంది గానీ డ్రమ్ము తిరగడం లేదంటే బెల్టు తెగింది. తిరుగుతోంది గానీ వేడి రావడం లేదంటే ఫ్యూజు గానీ, వేడినిచ్చే కాయిల్ గానీ పోయింది. దడదడమంటే రోలర్లు అరిగాయి. రెండుసార్లు తిప్పినా బట్టలు తడిగానే ఉంటే, వేడిగాలి బయటికి పోయే గొట్టంలో పీచు నిండింది. పది నిమిషాల్లో జబ్బు పట్టేసేవాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుపడేవాళ్ళం. జబ్బేదైనా సరే, ఆఖర్న ఒక ప్రశ్న ఉండేది.

"ఈ గోడ వెనక ఎవరు పడుకుంటారండీ?"

కొత్తగా కాపురం పెట్టిన ఒక డ్రాయింగు మాస్టారు తెల్లబోయాడు. "మేమేనండీ. ఎందుకు?"

"ఊరికేనండీ. భయమేసి. తల ఇటువైపా, కాళ్ళా?"

మేం అక్కడ ఉండగానే ఆ దంపతులు మంచం హాల్లోకి లాక్కున్నారు. బ్యాంకు మేనేజరమ్మ ఒకావిడ, "నేనొక్కదాన్నే పడుకుంటాను," అంది. "ఒక్కరేనా," అన్నాడు బాబాయి, అదోరకం గొంతుతో. ఆవిడ అప్పటికప్పుడే చెల్లెలికి ఫోన్ చేసి, నాలుగు రోజులుండేలా రమ్మంది. మా పనికి కస్టమర్లు పెట్టిన పేరు 'భయం గారి రిపేరు'. ఒకసారి పిలిచినవాళ్ళు రెండోసారి పిలిచేవాళ్ళు కాదు.

"కాస్త నోరు కట్టుకోండి," అని మా పిన్ని మొత్తుకునేది. "మీరు బాగుచేసిన మిషన్లు చెడిపోతే వాళ్ళు ఇంకెవర్నో పిలుచుకుంటున్నారు."

"అవును, నన్ను పిలవరు," అనేవాడు బాబాయి తాపీగా. ఆయన భయపడని విషయం ఈ ప్రపంచంలో అదొక్కటే.

ఇంకో చాదస్తం కూడా ఉంది. పని అంతా అయ్యి, మిషను వెనక రేకు బిగించబోయే ముందు ప్రతిసారీ, "అమ్మాయ్, వ్యాన్లోంచి బ్రష్షు పట్రా," అనేవాడు. బ్రష్షు ఆయన చంకలోనే ఉండేది. చెప్పినా వినేవాడు కాదు. నేను ఊరికే వెళ్ళి ఊరికే వచ్చేసరికి రేకు బిగించేసి ఉండేది. భయం మనిషి మతిని కూడా తినేస్తుందని నేను అనుకున్నాను. జేబులో ఒక నల్ల మార్కరు కూడా ఉండేది. అది కారి చొక్కాలన్నీ పాడయ్యేవి.

"స్క్రూలు బిగించే మనిషికి మార్కరెందుకండీ?" అని పిన్ని నిలదీసేది.

"ఉండనీ, భయానికి," అనేవాడు.

ఈమధ్య ఆయన కంటికి ఆపరేషనయింది. నాలుగు వారాలు వంగకూడదన్నాడు డాక్టరు. వ్యాను తాళాలు తీసుకుని నేనొక్కదాన్నే బయల్దేరాను.

"భయపడ్డం మర్చిపోకు," అన్నాడు బాబాయి నల్లకళ్ళద్దాల వెనకనుంచి.

"నాకు భయం లేదు బాబాయ్."

"నా భయం అదే."

మూడో రోజున ఒక లాయరు గారింటికి వెళ్ళాను. రెండేళ్ళ కిందట, నేను జ్వరంతో పడుకున్నప్పుడు, బాబాయి ఆటోలో వెళ్ళి బాగుచేసొచ్చిన మిషను. ఇప్పుడు డ్రమ్ము తిరుగుతోంది, వేడి లేదు. వెనక రేకు విప్పి గోడకి ఆనించి, మీటరు పెట్టి చూశాను. ఫ్యూజు పోయింది. ఆ మోడలు ఫ్యూజు నా దగ్గర లేదు. తెప్పించాలంటే రెండు రోజులు పడుతుంది.

"రెండు రోజులా?" అన్నాడు లాయరు గారు. "చూడమ్మా, మేం సాయంత్రం ఊరెళ్తున్నాం. ఇంట్లో ఉండే మనిషికి మిషను కావాలి. ఫ్యూజు తీసేసి వైరు కలిపేస్తే రెండు నిమిషాల పనిట కదా? ఇంకో మెకానిక్ ఫోన్లో చెప్పాడు. మీ బాబాయి రావడం లేదని తెలిసే నిన్ను పిలిచాను. ఆయన లాగా భయపడతావనుకుంటే ఆ మెకానిక్‌నే పిలిచేవాణ్ణి."

దాన్ని మావాళ్ళు డైరెక్టు చేయడం అంటారు. మిషను వెంటనే వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే ఆపేదంటూ ఏదీ ఉండదు, అంతే. చాలామంది చేస్తారు. బాబాయి పక్కనుంటే కుదరదు. ఆయన లేడు, నాకేమో పౌరుషం పొడుచుకొచ్చింది.

"నాకేం భయమండీ," అన్నాను. వైరు ముక్క తీసుకుని రెండు కొసలూ ఒలిచాను. సరిగ్గా కనబడక టార్చి వేసి వంగాను. వెలుగు పక్కనున్న రేకు లోపలివైపు పడింది. దాని మీద నల్ల మార్కరుతో, బాబాయి గుండ్రటి రాతతో, నిండా రాసి ఉంది.

'తరవాత వచ్చే మెకానిక్ తమ్ముడికి. వేడి రావడం లేదని పిలిచారా? ఫ్యూజు పోయి ఉంటుంది. ఊరికే పోదు. ముందు గొట్టం పీకి చూడు. డైరెక్టు చెయ్యమంటారు, చెయ్యకు. ఈ గోడ వెనక లాయరు గారి అక్కగారు పడుకుంటారు. తనంతట తాను మంచం దిగలేరు. నాకు భయంగా ఉంది. నువ్వు కూడా కాస్త భయపడు.'

వైరు ముక్క చేతిలోనే ఉండిపోయింది. అదే సమయానికి గోడ అవతలనుంచి ఒక ముసలి గొంతు, "తమ్ముడూ, వచ్చింది ఆ భయం గారేనా?" అంది.

"కాదక్కా, వాళ్ళన్నగారమ్మాయి," అన్నాడు లాయరు గారు.

"మంచాయన. మంచం బయటికి పడుతుందో లేదోనని నా గది తలుపు కొలుచుకుని మరీ వెళ్ళాడు," అంది ఆ గొంతు.

"మీరు ఊరెళ్తే ఆవిడ దగ్గర ఎవరుంటారండీ?" అని అడిగాను.

"పనమ్మాయి పొద్దున్నే వచ్చి, బట్టలు మిషన్లో వేసి వెళ్తుంది. తర్వాత అక్కొక్కతే."

వైరు ముక్క జేబులో పడేశాను. లేచి గొట్టం పీకాను. బూడిదరంగు పీచు బకెట్టు నిండా వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. వేడిగాలికి దారి లేక ఫ్యూజు తన ప్రాణం వదిలేసి ఇంటిని కాపాడింది. దాన్ని తీసిపారేసి వైరు కలపడానికి, ఇందాకటిదాకా నేనే ఉత్సాహపడ్డాను.

ప్లగ్గు పీకి, దాని తీగ చుట్టి మిషను మీద పెట్టాను. "ఫ్యూజు వచ్చేదాకా దీన్ని ముట్టుకోకండి. రెండు రోజులు తాడు కట్టి ఆరేయించండి."

"నువ్వూనా?" అన్నాడు లాయరు గారు.

"నేనూనండీ. నాకు భయంగా ఉంది."

"తాడు కట్టు తమ్ముడూ," అంది గోడ అవతల గొంతు నవ్వుతూ. లాయరు గారు విసుక్కుంటూనే తాడు వెతకడానికి వెళ్ళాడు.

తిన్నగా బాబాయి ఇంటికెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"అన్ని మిషన్లలోనూ రాశావా?"

ఆయన మొహం దొంగతనం బయటపడ్డవాడి మొహంలా అయింది. "అన్నింట్లోనూ అంటే... అన్నింట్లోనే."

"ఆ చెప్పేదేదో వాళ్ళకే చెప్పొచ్చు కదా?"

"చెప్తే భయపడతారే."

"నువ్వు చెప్పకుండానే మంచాలు మోసుకుని పారిపోయారు."

"అది నన్ను చూసి. మిషన్ని చూసి కాదు. మళ్ళీ నన్ను పిలవరు కదా, ఇంకెవర్నో పిలుస్తారు. ఆ వచ్చేవాడు నీలాంటి ధైర్యవంతుడైతేనో?" అని, "గొట్టం శుభ్రం చేశావా?" అన్నాడు.

"బకెట్టు పీచొచ్చింది."

"భయపడ్డావా?"

"చచ్చేంత భయపడ్డాను బాబాయ్."

"హమ్మయ్య," అన్నాడు ఆయన కుర్చీలో వెనక్కి వాలి. పిన్ని పక్కగదిలోంచి వచ్చి, మరకలు పడ్డ చొక్కా ఒకటి తీసి జాగ్రత్తగా మడతపెట్టింది.

ఇంటికి వచ్చాక నాకో సంగతి గుర్తొచ్చింది. మా ఇంట్లో డ్రయ్యర్ నాలుగేళ్ళ కిందట బాబాయే బిగించాడు. ఆరోజు కూడా రేకు పెట్టేముందు నన్ను బ్రష్షు కోసం వ్యాను దగ్గరికి పంపించాడు. మిషను ముందుకి లాగి, వెనక రేకు విప్పి తిప్పి చూశాను.

'తరవాత వచ్చే తమ్ముడికి. ఈ గోడ వెనక మా అన్నకూతురు పడుకుంటుంది. మంచి పిల్ల. గొట్టం నెలనెలా శుభ్రం చేస్తున్నానని చెబుతుంది. నమ్మకు.'

గొట్టం పీకాను. చూసినదేమిటో పైకి చెప్పుకునేది కాదు. ఈసారి నిజంగానే బ్రష్షు కావలసి వచ్చి, వ్యాను దగ్గరికి వెళ్ళాను.