నైరుతి మూల గొయ్యి

అప్పుడే తవ్విన నేలకు ఒక చల్లటి వాసన ఉంటుంది. ఇప్పటికీ ఏ సైటులోనైనా అది తగిలితే చాలు, బిలాస్‌పూర్ మధ్యాహ్నాలు కళ్ల ముందు మెల్లగా తేలుతూ వస్తాయి. దూరంగా షంటింగ్ చప్పుళ్లు, గాలిలో పల్చటి బొగ్గు పొగ, నేలలోకి మెడదాకా దిగి నిలబడిన అప్పలస్వామిగారు. ఎనభైల మొదట్లో నేను రైల్వే కట్టడాల విభాగంలో కొత్తగా చేరినప్పుడు ఆయనే నా పై అధికారి.

ఏది కట్టాలన్నా ముందు నేల గుణం చూడడానికి పరీక్ష గోతులు తవ్వించేవాళ్లం. ఆడపిల్లనని మిగిలినవాళ్లు నన్ను గట్టు మీదే నిలబెట్టేవారు. ఆయన మాత్రం మొదటి రోజే నిచ్చెన నా వైపు జరిపారు. "దిగమ్మా. పైనుంచి సూస్తే ఏటి తెలుస్తాది?" దిగాక గోడకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకోమన్నారు. తడి ఎక్కడ మొదలవుతోందో చేతికే తెలిసింది. పైన ఆకాశం చిన్న నీలి ముక్కగా మిగిలింది. అంత నెమ్మదైన చోటు ఆ ఊళ్లో నాకు మరొకటి దొరకలేదు.

రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కనుక ఆయన తెలిపారా అనే పేట అవతల కాస్త స్థలం కొన్నారు. ఆయన భార్య సింహాచలమ్మగారు గదులన్నీ అక్కడే నేల మీద ముగ్గుతో గీసేశారు. నైరుతిలో అన్నిటికన్నా పెద్ద గది. శ్రీకాకుళం నుంచి అక్కచెల్లెళ్లు వస్తే క్వార్టర్‌లో కాళ్లు చాపుకునే చోటుండదని ఆవిడ దిగులు. శంకుస్థాపనకు ఈశాన్యంలో తీసిన గోతిలో ఎర్ర మొరం గట్టిగా తగిలింది. అక్కడి మా తెలుగువాళ్లు చాలామంది అది చూసుకునే ఇల్లు కట్టేసేవారు. నైరుతిలో గొయ్యి తీస్తే యజమానికి కీడని వాళ్ల భయం.

అప్పలస్వామిగారు పలుగు తీసుకుని ఆ ముగ్గు గది మధ్యలో నిలబడ్డారు.

"భయం లేదా సార్?" అని అడిగాను.

"ఎందుకుండదమ్మా? ఈవిడ గది పోతాదేమోనని భయం. అందుకే ఇక్కడ తవ్వాల."

నడుం లోతుకే నల్లటి బూడిద, బొగ్గు చిట్టెం. ఎంత తవ్వినా అదే. ఎప్పుడో ఆ పల్లాన్ని లోకో షెడ్డు బూడిదతో పూడ్చేశారు. దాని మీద గోడ నిలవదు. సింహాచలమ్మగారు గట్టున కూర్చుని గుప్పెడు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆవిడ తండ్రి ఆ షెడ్డులోనే, ఇంజన్లలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశారు.

"డ్యూటీ నుంచొచ్చిన మా నాన్న సొక్కా వాసనండీ ఇది," అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. "సర్లెండి. ఈ గది వొద్దు. అటేపు రెండు గదులు సాలు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన గోతిలోనే నిలబడి, తల పైకెత్తి భార్యనే చూస్తున్నారు.

ఇల్లు రెండు గదులే అయింది. గృహప్రవేశానికొచ్చిన అక్కచెల్లెళ్లు సాయంత్రం ఆ బూడిద నేల మీదే చాపలు పరిచి, వరసగా కాళ్లు చాపుకుని ఒకటే నవ్వులు. మధ్యలో సింహాచలమ్మగారు.

ఇప్పుడు నాకు నిచ్చెన పట్టుకునేవాళ్లున్నారు. "ఆ మూల వదిలేద్దాం మేడమ్, మిగతాదంతా బాగానే ఉంది కదా," అంటారు. బాగుండాలనే నేనూ కోరుకుంటాను. నిచ్చెన మాత్రం అటే వేయిస్తాను. దిగి, గోడకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాను.