గూటాలకు దూరంగా కట్టిన ఇల్లు

నడిపయ్య పసుపును కూడా నమ్మేవాడు కాదు. ఆర్మూరు మార్కెట్లో హమాలీ పని చేసే ఆ మనిషి, ఎత్తబోయే ప్రతి బస్తాలోనూ చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసి, విరిచి చూశాకే వీపుకెత్తుకునేవాడు. అమ్మేది రైతు, కొనేది షావుకారు, మధ్యలో నీకెందుకని తోటివాళ్లు నవ్వేవాళ్లు. తన వీపు మీద ఏముందో తెలియకుండా మోయనని అతని జవాబు.

ఈ గుణం అతనికి ఆసిఫాబాద్ అడవిలో అబ్బింది. నిజాం కాలంలో, మీసాలు మొలిచే వయసులో, అన్నతో కలిసి అక్కడ రైలు దారికి మట్టి మోయడానికి పోయాడు. తీసుకుపోయిన మేస్త్రీ రైలని చెప్పలేదు, చెరువు కట్ట పని అన్నాడు. అడవిలోని గోండులకు తెల్లదొరల మనుషులు బండ్ల బాట అని చెప్పారు. ఆత్రం జంగు అనే గోండు, తన గుడిసె పక్కన కొలతల కోసం కర్ర గూటాలు పాతడం చూసి గుడిసెను వెనక్కి జరుపుకున్నాడు. రైలు కట్టకు మట్టి చాలక రెండు వైపులా చేలు తవ్వారు. జంగు మళ్లీ జరిగాడు. పట్టాల కింద పరిచే దుంగల కోసం చుట్టూ ఉన్న చెట్లూ పోయాయి. చివరికి ఇంటిల్లిపాదీ గుట్టలెక్కి పోయారు. చేను తవ్విన కూలీల్లో నడిపయ్య కూడా ఉన్నాడు గనుక, పోతూ పోతూ జంగు అతని వంక చూడనైనా చూడలేదు. జ్వరంతో చచ్చిన అన్నను ఆ కట్ట పక్కనే పూడ్చారు. మొదటి రైలు పోయిన రోజు దొరల మెడలో దండలు పడ్డాయి. మట్టి మోసినవాళ్లను పట్టాల దరిదాపులకు రానియ్యలేదు.

నేలలో గూటం దిగిందంటే దానికి రెండు పక్కలా ఎవరూ మిగలరని, దూరంగా జరిగినవాడే బతుకుతాడని నడిపయ్య అక్కడ నేర్చుకొచ్చాడు.

అందుకే పంతొమ్మిదివందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో, పోచంపాడుకు ఎగువన గోదావరి ఒడ్డు ఊళ్లో ఉన్న కూతురు ఆశమ్మ తమ ఊరి మెరకలో ఎర్రరంగు గూటాలు దిగాయని కబురు పంపితే, పని వదిలి బాల్కొండ బస్సెక్కాడు.

అల్లుడు హన్మండ్లు అప్పుడే అన్న నుంచి వేరుపడి ఇల్లు కట్టుకునే ప్రయత్నంలో ఉన్నాడు. అతనికి మెరకలో కొంత జాగా, నది వైపు పల్లంలో పసుపు చేను వచ్చాయి. మెరకలోనే పునాది తీద్దామనుకున్నాడు. గూటాల వరుస ఆ జాగాకు కాస్త కిందనుంచి పోయింది. ఎందుకని అడిగితే, డ్యాం కోసమని వాటిని పాతిస్తున్న సర్కారు ఓవర్సీరు చెప్పాడట.

“డ్యాం పోచంపాడు కాడ కడతరట. మరి గూటాలు గీడెందుకు దించిన్రు?” అన్నాడు నడిపయ్య. “మాకు చెర్వు కట్ట అన్నరు, గోండోళ్లకు బండ్ల బాట అన్నరు. పట్టాలు పడ్డంక గాని వాళ్ల నోట్లెకెళ్లి రైలన్న మాట రాలే.”

“రైలొస్తే మంచిదే గద మామా. పసుపు జల్ది పోతది.”

“పసుపు పోతది. దాని ఎన్క నువ్వు పోతవు.”

పల్లంలో గోడలు చెమ్మ పడతాయని ఆశమ్మ గొణిగింది. అయినా తండ్రి మాటే నెగ్గింది. హన్మండ్లు మెరక జాగాను అన్నకిచ్చి, బదులుగా ఇంటికి కావలసిన వాసాలూ దూలాలూ తెచ్చుకున్నాడు. గూటాలకు దూరంగా, చేను గట్టున, గోడలు లేచాయి.

మరుసటి ఎండాకాలం పెంకులు పరిచే పనికి సాయం చేద్దామని నడిపయ్య మళ్లీ వచ్చాడు. బస్సు దిగి గూటాల వెంటే నడిచాడు. వాటి మీద ఒక కన్నేసి ఉంచడం అతనికి ఇష్టం. ఒక వాగు దగ్గర గూటాలు నేరుగా దాటిపోలేదు. వాగు గట్టు వెంట లోపలికంటా పోయి, మలుపు తిరిగి, అవతలి గట్టు మీదుగా బయటికొచ్చాయి. తర్వాతి గుట్టనూ తొలుచుకుపోకుండా చుట్టేశాయి. అడవిలో ఇట్లాంటి వాగులు పూడ్చడానికే గదా అతను మట్టి మోసింది. రైలు ఇన్ని వంకర్లు పోదు. గట్టు గట్టునూ ఇట్లా తడుముకుంటూ పోయేది నీళ్లు ఒక్కటే.

నేరుగా ఓవర్సీరు డేరా దగ్గరికి పోయి, ఆ గూటాలు దేనికని అడిగాడు.

“డ్యాం నిండితే నీళ్లు నిలిచే అంచయ్యా అది,” అన్నాడు ఓవర్సీరు. “గూటాలకు పైనున్న వాళ్లకు భయం లేదు. కింద ఉన్నదంతా మునుగుతుంది.”

గూటాలకు కింద కొత్త ఇల్లొకటి ఉందని నడిపయ్య అన్నాడు. గూటాలు వేసేనాటికి ఉన్న ఇళ్లకే పరిహారమట. ఆ తర్వాత లేచినవి పరిహారం కోసం కట్టినవేనని పైఅధికారుల అనుమానమట. ఓవర్సీరు ఈ మాట నెమ్మదిగానే చెప్పాడు. ఒక సర్కారు మనిషి చెప్పింది అబద్ధమైతే బాగుండునని నడిపయ్య అనుకోవడం అదే మొదటిసారి.

అతను వచ్చేసరికి హన్మండ్లు ఇంటి మీద కూర్చుని ఉన్నాడు. ఆశమ్మ కిందనుంచి పెంకులు అందిస్తోంది. నడిపయ్య విన్నది విన్నట్టు చెప్పి, దిగమన్నాడు.

“నిరుడు గా ఓవర్సీరు అబద్ధం చెప్తున్నడంటివి,” అన్నాడు హన్మండ్లు పైనుంచే. “ఇయ్యాల గదే మనిషి నిజం చెప్తున్నడంటవు. నిన్నెట్ల నమ్మాలె మామా?”

“మెరక జాగా బావకిచ్చేస్తిమి,” అంది ఆశమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. “దిగి యాడికి పోవాలె బాపు?”

మబ్బు పడుతోంది. ఇంటి మీద సగం ఇంకా ఖాళీగానే ఉంది. హన్మండ్లు ఇంకో పెంకు కోసం చెయ్యి కిందికి చాపాడు. ఆశమ్మ కదలలేదు. నడిపయ్యే వంగి, ఒక పెంకు తీసి అందించాడు.